యులాలియమ్మకు రొట్టెలు

"నీ వంతు ఇంకా అవలేదు, నాన్నా! రుబ్బు!" అంది మా అమ్మాయి నెల్.

మా మిక్సీ అమెరికాలో, ఒహాయోలోనే వదిలొచ్చాం; ఈ మెక్సికో ఊళ్ళో మాకది లేదు. ఎదురింటి యులాలియమ్మ భోజనానికొస్తుంది. ఆమె ముందు పరువు నిలబడాలని మా ఆవిడ జాయిస్ పట్టుదల. సున్నపునీళ్ళలో ఉడికించిన మొక్కజొన్న గింజలను రొట్టెల కోసం పొద్దుటినుంచీ ముగ్గురం రాతిపలక మీద రుబ్బుతున్నాం.

"పిండిలో నీ చెమటే ఎక్కువుంది," అంది జాయిస్.

"ఉప్పు కలిసొస్తుందిలే," అన్నాను.

అంతలో యులాలియమ్మ వచ్చి, మమ్మల్ని చూసి నోరెళ్ళబెట్టింది.

"వీధి చివర మర ఉందిగా! ఊరంతా అక్కడే పట్టిస్తాం. చేత్తో రుబ్బడం మా అమ్మమ్మతోనే పోయింది!"

జాయిస్ మొహం ఎర్రబడింది. "మీ పద్ధతిలోనే పెడదామనుకున్నామండీ."

యులాలియమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత చేతులు కడుక్కుని, నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"జరుగు నాయనా. అమ్మమ్మ నన్నెప్పుడూ రాయి ముట్టుకోనివ్వలేదు."