మడతపెట్టిన పేరు

“పేరు చదవకు. మడిచెయ్,” అంది అక్క, చేతిలోని పరిశోధన వ్యాసం మొదటి పేజీ పైభాగాన్ని వెనక్కి మడుస్తూ. “పెద్దవాళ్ల పేరు కనబడగానే గౌరవం పుట్టుకొస్తుంది. గౌరవం పుట్టాక తప్పు కనబడి చావదు.”

“మరి ఎక్కణ్ణుంచి మొదలెట్టను?”

“సారాంశం చూడు. తిన్నగా ముగింపుకెళ్లు. ఆ తర్వాత పట్టికలు. చెప్పినదానికీ చేసినదానికీ పొంతన లేదనిపిస్తేనే మధ్యలోకి దిగు. మొదటి అక్షరం నుంచీ పట్టుకు కూర్చుంటే చదువయ్యేసరికి ముసలిదానివైపోతావ్.”

చెల్లెలు బుద్ధిగా తలూపింది. అక్క పనిచేసే మేడమ్ పరిశోధన బృందంలో ఉన్నది ఒక్కటే ఖాళీ. ఎవరికి వాళ్లు ఒక వ్యాసం ఎంచుకుని సెమినార్లో విప్పి చెప్పాలి. మెప్పించినవాళ్లదే ఆ చోటు.

సెమినార్ రోజున అక్క, బృందంలో సీనియర్ కాబట్టి, వెనక బెంచీలో కూర్చుంది. చెల్లెలు శీర్షిక చదివింది. మధ్యాహ్నపు కునుకుతో జ్ఞాపకశక్తి పెరుగుతుందట.

అక్క ఉలిక్కిపడింది. అది మేడమ్ రాసిన వ్యాసం! ఆవిడకి నలుగురిలో పేరు తెచ్చిందే అది.

సైగ చేసింది. దగ్గింది. పెన్ను కింద పడేసింది. చెల్లెలు ఇటు చూస్తేనా!

“కునుకు తీసినవాళ్లంతా హాస్టల్ వాళ్లు. తీయనివాళ్లంతా రోజూ బస్సులో వేలాడుతూ వచ్చేవాళ్లు. ఈ తేడా కునుకుదా, బస్సుదా?” అంది చెల్లెలు.

ఎవరో కిసుక్కుమని, గబుక్కున నోరు మూసుకున్నారు. మేడమ్ కళ్లజోడు తీసింది.

“రాసినవాళ్లకి ఆ మాత్రం తట్టలేదంటావా?”

“తట్టే ఉంటుంది మేడమ్. పట్టికలో బస్సువాళ్లని దాచకుండా చూపించారు. ముగింపు దగ్గరే తొందరపడ్డారు. అంత నిజాయితీ ఉన్నవాళ్లు మళ్లీ చేసి చూస్తే బాగుంటుంది.”

అక్కకి బెంచీ కింద దూరిపోవాలనిపించింది.

“ఇన్నేళ్లలో నాకీ మాట ఒక్కళ్లూ చెప్పలేదు,” అంది మేడమ్, నవ్వుతూ. “సోమవారం నుంచి వచ్చెయ్యమ్మా. ఇద్దరం కలిసి మళ్లీ చేద్దాం.”

వరండాలోకి రాగానే అక్క చెల్లెల్ని గట్టిగా వాటేసుకుంది.

“నా మడత నీ కొంప ముంచేదే! అయినా ఎంత బాగా చదివావే! అదే పేరు చూసుంటే నీకసలు నోరు పెగిలేదా?”

చెల్లెలు కాగితాలు సంచిలో సర్దుకుంది.

“పేరు చూసే ఎంచుకున్నానక్కా.”