కల్లాపికి రెండు బకెట్లు

భూగర్భజలం రెండు దేశాలకూ ఉమ్మడిదని తేల్చాక, సరిహద్దులో ఏ వైపు మోటారు వెయ్యాలన్నా అవతలి ఇల్లు సరే అనాలి. జవాను భార్య గున్నమ్మ, సిక్కోలు మనిషి. ఆమెకు సరే అనాల్సింది కంచెకు అటువైపున్న జొహ్రా.

ఆ ఉదయం గున్నమ్మ రెండు బకెట్లు అడిగింది. గోడమీది అనువాదం పెట్టె జొహ్రా మాటను తెలుగులో వినిపించింది.

"దేనికి చెల్లెమ్మా?"

"వాకిట్లో కల్లాపి జల్లడానికి అప్పా."

"నేలమీద పారబోస్తావా? కుదరదు."

కల్లాపి లేని వాకిట్లో ముగ్గెలా వేస్తుంది? గున్నమ్మకు ఉక్రోషం వచ్చింది.

"పారబొయ్యడమేటి! ఆ నీళ్లు ఎక్కడికెల్తాయి? కిందికే గదా. మీ బోరులోకే వొచ్చేస్తాయి. నేను వాడుకుంతన్నానేటి? తిరిగిచ్చేస్తన్నాను!"

జొహ్రా కాసేపు ఆలోచించి సరే అంది. గున్నమ్మ దర్జాగా కల్లాపి జల్లి, పెద్ద ముగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే పెట్టె మోగింది. జొహ్రాకు నలభై బకెట్లు కావాలట.

"నలభయ్యా! దేనికప్పా?"

"కల్లాపికే చెల్లెమ్మా. అన్నీ మీకు తిరిగిచ్చేస్తాను. మా వాకిలి కొంచెం పెద్దది."

గున్నమ్మ కంచెలోంచి తొంగి చూసింది. వాకిలెక్కడిది? గడప దాకా వాడిపోతున్న వరినారే. ఆమె నవ్వాపుకుంటూ పెట్టెమీది 'సరే' మీట నొక్కింది.

"జల్లుకో అప్పా. నీళ్ల తనిఖీవోళ్లొస్తే అడుగుతారు, గట్టుమీద ఓ ముగ్గు కూడా ఎట్టీ!"