కచ్చురంలో చోటు

పెద్దపల్లి వడ్రంగి దొడ్లో సవారీ కచ్చురం, సరుకులు మోసే పెద్దబండి పక్కపక్కనే అమ్మకానికి ఉన్నాయి. ఓదెలు కచ్చురం మీద చెయ్యి వేశాడు.

“వడ్ల బస్తాలు గీ సోకుబండిల ఏస్తవా?” భార్య దేవవ్వ మండిపడింది.

“మన పెండ్లినాడు దొరుండే గడి ముంగట మనల్ని బండి దించి నడిపిచ్చిండ్రు. యాదిలేదా? గా గడి ముంగట నుంచే కచ్చురంల పోవాలె!” ఓదెలు పట్టుబట్టాడు.

దేవవ్వ లోపలికి తొంగిచూసింది. ఇద్దరికే చోటు.

“మరి మీ అవ్వ? నలుగురు పిల్లలు?”

“ఎనుక నడిసి వస్తరు తియ్.”

“గడి ముంగట మల్ల నడుసుడేనా?” దేవవ్వ కళ్లు ఎర్రబడ్డాయి. “అప్పుడు దొర దించిండు. ఇప్పుడు నువ్వు దించుతున్నవ్!”

ఓదెలు కచ్చురం మీంచి చెయ్యి తీశాడు. ఎడ్లను తోలుకొచ్చి పెద్దబండికి కట్టాడు.