మెడ వరకే

"ఆ హారం చూడవే దుర్గా! మూడు వరసలు, చివర నెలవంక!" అంటూ శోభనాద్రి థియేటర్లో తెర వైపు ఫోన్ ఎత్తాడు.

చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల తయారీ అతనిది. ఉత్తరాఫ్రికా జానపద కథతో తీసిన బొమ్మల సినిమా బందరుకు వచ్చిందని తెలిసి, కొత్త డిజైన్లు దొరుకుతాయని భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కథతో అతనికి పనిలేదు.

తెరమీద ఎడారి కోటలో, భూతం తొడిగిన నగలను రాకుమారి ఒక్కొక్కటే ఊడదీసి ఇసుకలోకి విసిరేస్తోంది.

"అయ్యయ్యో, పారేస్తుందేంటి! ఇలాంటివి మన ఆడవాళ్ళు చూస్తే ఇక మన వ్యాపారం సాగినట్టే!"

"ఆ పిల్ల ఇందాకటినించీ ఏడుస్తోందండీ," అంది దుర్గ.

"ఏడ్చిందా? ఎప్పుడు?"

శోభనాద్రి ఫోన్లో వెతికాడు. ముప్ఫై ఫొటోలున్నాయి. అన్నిటిలోనూ మెడే ఉంది. ఒక్కదాన్లోనూ మొహం లేదు.

దుర్గ చిన్నగా నవ్వింది. "ఇరవయ్యేళ్ళుగా మన కేటలాగులో మెడ నాదేగా! నా మొహం ఒక్కసారైనా పడిందేంటండీ?"

శోభనాద్రి తెర వెలుగులో ఆమె వైపు తిరిగి చూశాడు. చెంపలు తడిగా ఉన్నాయి. ఎప్పటినించి ఏడుస్తోందో అతనికి తెలియలేదు.