ఆదివారాలు రాని మనిషి

"పిడికిట్లో పట్టి పిండితే చెయ్యి తడవకూడదు, ముద్ద విరగకూడదు," అంటూ మేస్త్రి మట్టిముద్దను ఆర్కిటెక్టు చేతిలో పెట్టాడు. "ఎలా కుదిరిందో చూడండి. ఇది మనవాళ్లు తొక్కింది కాదు."

ఎవరు తొక్కారని ఆమె అడగలేదు. అడిగితే నవ్వుతాడని తెలుసు.

"ఆయనే," అన్నాడు మేస్త్రి అడక్కుండానే. నవ్వాడు కూడా.

అది మట్టి బడి. మట్టి, ఇసుక, ఎండుగడ్డి కలిపి కాళ్లతో తొక్కి, ముద్దలు పేర్చి మూరెడు మందాన గోడలు లేపుతున్నారు. పైకప్పు మీద సోలార్ పలకలు. దీపాలూ ఫ్యాన్లూ ఎండతోనే నడవాలి. వానకి కరిగిపోదా అని పిల్లల్ని చేర్చబోయే అమ్మానాన్నలు భయపడ్డారు. అందుకే ఆమె ఒక నియమం పెట్టింది: ఆదివారాలు వాళ్లే వచ్చి మట్టి తొక్కాలి. కాళ్లకు తెలిసిన గోడని మనసు అనుమానించదని ఆమె నమ్మకం.

ఆయన్ని మాత్రం ఎవరూ పిలవలేదు. బస్సు డిపోలో మెకానిక్కు. డ్యూటీ దిగి సాయంత్రాలు వచ్చేవాడు. ప్యాంటు మడిచి గుంటలోకి దిగితే చీకటి పడేదాకా తొక్కుతూనే ఉండేవాడు.

"కాళ్లు నొప్పులు పుట్టవా?" అని ఒకసారి అడిగింది.

"పుడతాయండి. నిద్ర పడుతుంది."

తొక్కుతూ తొక్కుతూ ఆగి అడిగాడు. "మధ్యాహ్నం ఎండకి ఈ గోడ లోపలివైపు వేడెక్కుతుందాండీ?"

"ఎక్కదు. బయటి వేడి మెల్లగా పాకి లోపలికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి బడి వదిలేస్తారు."

"అంటే పిల్లలు ఉన్నంతసేపూ చల్లగానే ఉంటుందన్నమాట."

"అన్నమాటే."

ఆయన తలాడించి మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు. ఆమె అక్కడే నిలబడిపోయింది. తను కట్టిన గోడల గురించి చాలామంది వాదించారు, వెక్కిరించారు, ఫోటోలు తీశారు. ఇంత ఆత్రంగా అడిగి తెలుసుకున్నవాళ్లు లేరు.

ఆదివారాలు గోలగోలగా ఉండేది. భర్త జారిపడితే భార్య పడీపడీ నవ్వడం, చెప్పులు మారిపోవడం, వెంట వచ్చిన పిల్లలు ఒకరి మీద ఒకరు బురద చల్లుకోవడం. ఆమె కొలతల టేపు పట్టుకుని ఒక మూల నిలబడేది. ఆయన ఏ ఆదివారమూ రాలేదు.

"ఆదివారాలు ఎందుకు రారు మీరు?"

"వాళ్ల మధ్య నేను ఇమడనండి."

"నేనూ అంతే," అనేసింది. ఆ తొందరకు తనకే సిగ్గేసింది.

ఆ మాట ఆమెతోపాటే అద్దెగదికి వచ్చింది. ఒక కంచం, ఒక కుర్చీ, బయటివాళ్లు ఎవరూ తట్టని తలుపు. అన్నం తింటూ మనసులో ఆయనతో మాట్లాడేది. అక్కడ ఆయన బాగా మాట్లాడేవాడు. ఒంటరి మనిషికి ఎదుటివాళ్ల మౌనం ఖాళీ గోడ లాంటిదని, తనకు కావలసిన కిటికీలన్నీ అందులో పెట్టుకుంటుందని ఆమెకు తెలుసు. తెలిసీ పెట్టుకుంది.

"ఆయనకి ఎవరున్నారో అడిగారా?" అన్నాడు మేస్త్రి ఒకరోజు.

"నాకెందుకు?"

"నేనడిగా. ఒక్కణ్ణే అన్నాడు. పిల్లాజెల్లా ఉన్నవాడు ఇంత తీరిగ్గా బురద తొక్కుతాడా? మీరూ ఒక్కరే. నాదేముందమ్మా, గోడకీ గోడకీ మూల కలిపేవాణ్ణి."

"చాల్లెండి మేస్త్రీ, ముందు ఆ మూల వంకర తీయండి."

ఆమె చేతికి ఇంకో ఊళ్లో ఇంకో బడి పని వచ్చింది. ఈసారి ఒక్కతే వెళ్లకూడదని అనుకుంది. ఆ మాట ఆయన్ని ఎలా అడగాలో అద్దం ముందు చాలాసార్లు చెప్పుకుంది. ప్రతిసారీ గొంతు అరువు తెచ్చుకున్నట్టు ఉండేది.

ప్రారంభానికి ముందురోజు సాయంత్రం రెండో తరగతి గదిలో ఆఖరి పూత ఆరుతోంది. ఆయన కిటికీ కింద మోకాళ్ల మీద కూర్చుని, గోడ అడుగుభాగాన్ని అరచేత్తో రుద్దుతున్నాడు.

"అయిపోయింది కదా," అందామె.

"గుచ్చుకునే గడ్డిపరకలేమైనా మిగిలాయేమోనండి."

ఆమె నవ్వింది. "రేపు వస్తారుగా? మీతో ఒక మాట చెప్పాలి."

ఆయన లేచి, గోడని ఒకసారి పైనుంచి కిందికి చూసుకున్నాడు. "చూద్దామండి."

మర్నాడు పిల్లలొచ్చారు. ఫ్యాన్లు తిరిగాయి. వానకి కరిగిపోతుందన్న పెద్దమనిషే అందరికీ గోడలు తట్టి చూపిస్తున్నాడు. ఆమె కళ్లు జనంలో వెతుకుతుంటే మేస్త్రి దగ్గరికొచ్చి, "రోడ్డవతల," అని గొణిగాడు.

బస్టాపులో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. ఆమె రోడ్డు దాటింది. దాచుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయనే ముందు అడిగాడు.

"రెండో తరగతిలో కిటికీ పక్కన ఎవరైనా కూర్చున్నారాండీ?"

"ఒక పాప. చెంప గోడకి ఆనించి కూర్చుంది. చల్లగా ఉంది, నువ్వూ ఆనించు అని పక్కపిల్లని ఒకటే సతాయింపు."

ఆయన నవ్వాడు. మొహమంతా నవ్వడం ఆమె చూడటం అదే మొదలు. ఆ నవ్వు చూసి ధైర్యం తెచ్చుకుంది.

"ఇంకో ఊళ్లో ఇంకో బడి కట్టబోతున్నాను. మీరూ వస్తారా... నాతో?"

నవ్వు మెల్లగా సర్దుకుంది. "ఈ ఊరు వదిలి రాలేనండి."

"ఇక్కడ మీకెవరున్నారని?"

ఆయన బడి గేటు వైపే చూస్తున్నాడు.

"సరే, పోనీ లోపలికైనా రండి. మీరు తొక్కిన గోడలేగా," అంటూ ఆమె రోడ్డు వైపు తిరిగింది. వెనక అడుగుల చప్పుడు లేదు. తిరిగి చూస్తే ఆయన ఒక అడుగు వెనక్కి వేసి ఉన్నాడు.

"మా పాప ఉన్నచోటికి నేను రాకూడదని కోర్టు చెప్పిందండి."