గట్టి మూత

మూత పడింది. గడి తనంతట తానే టక్కుమని బిగుసుకుంది. పికప్ బండి తొట్టిలో వెల్లకిలా పడుకున్న జయపాల్, చేతిలో సుద్దముక్కతో, చీకట్లో తృప్తిగా నవ్వుకున్నాడు. ఎక్కడా వెలుతురు చార కనిపించడం లేదు.

"నీళ్ళు కొట్టించమంటారాండీ?" షెడ్డు యజమాని జోగేశ్వరరావు బయటినుంచి అడిగాడు.

"కొట్టించండి. చుక్క దిగినచోట గీత గీస్తాను."

రావులపాలెం హైవే పక్కన బళ్ళకు మూతలు బిగించే ఆ షెడ్డులో అది వాడుక. ఒక మనిషి లోపల పడుకుంటే, పైన పైపుతో నీళ్ళు కొడతారు. మామూలుగా షెడ్డు పనివాడే పడుకుంటాడు. జయపాల్ ఒప్పుకోలేదు. ఫైబరు మూతను పగలగొట్టవచ్చునని, మడత మూతను కోసేయవచ్చునని పక్కన పెట్టేసి, పొద్దుటినుంచి అన్నీ తట్టి చూసి చివరికి ఈ ఇనుపరేకు మూత దగ్గర ఆగిన మనిషి, ఆఖరి పరీక్షను మరొకరి కళ్ళకు వదలదలచుకోలేదు.

నీళ్ళు జడివానలా మోగి ఆగిపోయాయి. ఒక్క చుక్క దిగలేదు.

"ఇదే ఖాయమండీ! ఇక తియ్యండి."

"తాళంచెవి ఇవ్వండి మరి."

జయపాల్ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. చెవి అక్కడే ఉంది.

"రెండోది మీ దగ్గరుందిగా?"

"రెండూ మీరే పుచ్చుకున్నారు కదండీ, ఎవర్నీ నమ్మనని!"

బయట ఎవరో కిసుక్కున నవ్వారు. జయపాల్ మూత అంచు తడిమాడు. మందపాటి రబ్బరు. తాళంచెవి దూరే సందు లేదు. తాళం వెనుక భాగాన్ని ఉక్కు పలక కప్పేసింది.

"పాత మూతకున్న రకం తాళమే ఇదీనండీ," అన్నాడు జోగేశ్వరరావు. "కొత్తరకం వేస్తానంటే మీరే వద్దన్నారు."

"తాళంలో తప్పు లేదండీ. బండిలోంచి మూడుసార్లు రొయ్యల మందుల పెట్టెలు పోయాయి. మూడుసార్లూ తాళం చెక్కుచెదరలేదు. ఒక చెవి నా దగ్గర, రెండోది మా గంగయ్య దగ్గర. పైగా తొట్టిలో నీలం ప్లాస్టిక్ పట్టీ దొరికింది, మధ్యకి మడిచి. పెట్టెలకి పట్టీలు చుట్టేదీ వాడే. ఇంకేం కావాలి? పనిలోంచి మానిపించేశాను. ముందు మీరు గ్రైండర్ పెట్టండి."

"కరెంటు ఇప్పుడే పోయిందండీ. రెండింటికి గాని రాదు."

"గ్యాసుతో కొయ్యండి!"

"రేకు కింద మీరున్నారు కదండీ."

"పోనీ బోల్టులు విప్పండి!"

"అన్నీ లోపలేనండీ. బయటికుంటే దొంగ విప్పేస్తాడని మీరేగా మెచ్చుకున్నారు. వెనకతలుపు కూడా మూత అంచు కిందే బిగుసుకుపోయింది."

గునపం తెచ్చారు. మొన దూరలేదు. రెండో పోటుకు జయపాల్ తల మీది రేకు గంటలా మోగి, చెవులు గింగిర్లెత్తాయి. "ఆపండి బాబోయ్!" అని అరిచాడు. అరవడానికి ఖర్చయిన ఊపిరి తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

మే నెల మధ్యాహ్నం. తడిసిన రేకు నిమిషాల్లో ఆరి, కాగడం మొదలుపెట్టింది. మోచెయ్యి తగిలితే చురుక్కుమంటోంది. లేచి కూర్చునే ఎత్తు లేదు. పక్కకు తిరిగితే భుజం మూతకు ఆనుతోంది.

"బావగారూ! ఊపిరాడుతోందా?" అది ఆరోన్ గొంతు. జయపాల్ భార్యకు తమ్ముడు, ఈ బండికి డ్రైవరు. "ఫైరింజనుకి ఫోన్ చేశాం. అరగంట పడుతుందంట."

"అరగంటా!"

ఆ మాట బయటికి వినిపించిందో లేదో అతనికి తెలియలేదు. చెమట కళ్ళలోకి కారుతోంది. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. మానిపించిన రోజున గంగయ్య అన్న మాట, ఏనాడూ గుర్తుకు రానిది, ఇప్పుడు చెవి పక్కనే వినిపించింది: "నేను ముట్టుకోలేదు బాబూ. ఒక్కసారి నా మాట నమ్మండి." ఆ రోజు తలుపు వేసుకున్నది తనే.

"బావగారూ, మాట్లాడండి!"

జయపాల్ నోరు తెరిచాడు. మాట రాలేదు. వేలి కణుపుతో రేకు మీద ఒకసారి కొట్టాడు. రెండోసారి చెయ్యి లేవలేదు.

"బావా!"

తరువాత చెప్పుల చప్పుడు బండి చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరిగింది. తాళం దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఆగింది.

"అందరూ అవతలికెళ్ళండి," అన్నాడు ఆరోన్.

"ఎందుకు తమ్ముడూ?"

"వెళ్ళమంటున్నానా!"

రబ్బరు పక్కన దారమంత వెలుతురు చీలింది. ఆ చీలికలోంచి పలచని పట్టీ ఒకటి, మధ్యకి మడిచినది, లోపలికి జారి, తడుముకోకుండా గడిని తగులుకుంది. పైన అరచేత్తో రెండు దెబ్బలు పడ్డాయి. గడి మెత్తగా వెనక్కి తప్పుకుంది.

మూత లేచింది. ఎండ, గాలి ఒక్కసారిగా మీద పడ్డాయి. నలుగురూ పట్టుకుని జయపాల్‌ను దింపి, స్టూలు మీద కూర్చోబెట్టి, సోడా తాగించారు.

"ఏం చెయ్యయ్యా నీది!" జోగేశ్వరరావు ఆరోన్ వీపు తట్టాడు. "చిటికెలో తీశావు! మా షెడ్డులో చేరిపోరాదూ?"

ఆరోన్ తడి కళ్ళతో నేలను చూస్తూ నిలబడ్డాడు. అతని వేళ్ళనుంచి నీలం పట్టీ ఇంకా వేలాడుతూనే ఉంది.

జయపాల్ ఆ పట్టీని చూస్తూ రెండో సోడా కూడా తాగాడు.

"మరి ఈ మూతే ఉంచెయ్యమంటారాండీ?"

"ఏ మూతా వద్దండీ. పాతదే చాలు." జయపాల్ జేబులోంచి రెండు తాళంచెవులూ తీసి జోగేశ్వరరావు చేతిలో పెట్టి, బావమరిది వైపు తిరిగాడు.

"ఫోన్ తియ్యి. గంగయ్యని రేపట్నుంచి పనిలోకి రమ్మని నువ్వే చెప్పు."