పువ్వుతో సహా పట్రా

"పువ్వేదయ్యా? పుల్లలు తెచ్చావేమిటి!"

ఆఫీసరు అర్జునరావు టేబుల్ మీది మొక్కల కట్టను పెన్నుతో పక్కకు తోశాడు. అప్పలసూరికి ఒళ్ళు మండింది.

"కొండ మీద పీకినప్పుడు గుత్తులు గుత్తులు ఊదాపూలున్నాయి బాబూ. సగం మోపెడ్ మీదే దూది నూగయి ఎగిరిపోనాయి. మిగిలింది మీ గేటు కాడ వాచ్‌మేన్, లోన సెత్త పడుద్దని మూట ఇప్పించి దులిపించేసినాడు. నానేటి సెయ్యను?"

"పువ్వు చూడందే మొక్కని గుర్తించలేం. పేరు తేలందే పీకించడానికి ఆర్డరు రాదు."

"పోనీ, మేవే పీకేసుకుంటాం."

"సర్కారు కొండ. పీకితే కేసే."

ఏడాదిగా ఇదే పాట. తగరపువలస అవతల కొండ మీది గడ్డినంతా ఆ మొక్క మింగేసింది. గేదెలు దానికి మూతి కూడా పెట్టవు. మేత లేక అప్పలసూరి ఆరు గేదెల్లో నాలుగింటిని అమ్ముకున్నాడు. తగరపువలసలో అడిగితే భీమిలి పొమ్మన్నారు. భీమిలివాళ్ళు మధురవాడన్నారు. మధురవాడవాళ్ళు సిటీలోని ఈ ఆఫీసుకి తోలారు. ప్రతిచోటా గేటు దగ్గరే ఆపి, మూట విప్పించి, దులిపించి, ఒకటే మాట: పువ్వుతో సహా పట్రా. నెలనెలా జీతాలు తీసుకునే ఒక్కడూ కొండెక్కలేదు.

"ఓపాలి కుర్సీలోంచి లెగిసి రండి బాబూ! కొండే మీకాడికి నడిసొస్తదేటి?" అని అరిచి వచ్చేశాడు.

వానలు వెళ్ళాక అదే ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. అర్జునరావు స్థానంలో కొత్తగా వచ్చిన మధులత కుర్చీ చూపించింది.

"మొక్కని గుర్తించాం. బయటిదేశపు కలుపు. పీకించడానికి ఆర్డరు కూడా వచ్చింది."

"సచ్చేక మందా అమ్మా? ఇన్నాళ్ళకి పువ్వు ఎక్కడ దొరికిందేటి మీకు?"

"కొండ దాకా వెళ్ళక్కర్లేకపోయింది. ఊళ్ళలోకీ పాకింది. ఎవరో మోసుకొచ్చి చల్లారు."

అప్పలసూరి చెయ్యెత్తి లేచాడు. "ఎవడాడు? నా గేదెల ఉసురు ఊరికే పోద్దేటి! ఆణ్ణి లోపలెయ్యండమ్మా, నాను సాచ్చీకం సెప్తాను!"

మధులత మ్యాపు పరిచి, ఎర్రచుక్కలు ఒక్కొక్కటే చూపిస్తూ చోట్లు చెప్పింది. నాలుగోది చెప్పేసరికి అతని చెయ్యి కిందికి దిగిపోయింది.

ప్రతి చుక్కా, అతను మూట దులిపిన ఆఫీసు గేటే.